ఆచార్య జగదీశ చంద్ర బోసు

సంధ్యవేళ చెట్టు నిదురించునని, అప్పుడు దాని ఆకు త్రుంపరాదని పెద్దలు పిల్లలను వారించుట మన పల్లెలలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. చెట్టునకు ప్రాణము కలదను నమ్మకము మనకు క్రొత్తది కాదు. కాని నమ్మకము వేరు, నిరూపణము వేరు. వేడియో, చలియో, గాయమో, విషమో తగిలినపుడు మొక్క ఎట్లు చలించునో యంత్రములతో కొలిచి, ఆ చలనమును రేఖలుగా గీయించి లోకమునకు చూపిన భారతీయుడు ఆచార్య జగదీశ చంద్ర బోసు.

ఆయన 1858 నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. అట్టి ఉద్యోగుల బిడ్డలు ఇంగ్లీషు పాఠశాలకు పోవుటయే గౌరవమని లోకము తలచు దినములలో, ముందు మాతృభాష రావలెనని ఆయన కుమారుని వంగభాషా పాఠశాలలో చేర్చెను. అచ్చట బాలునకు ఒక ప్రక్క తండ్రివద్ద పనిచేయు మహమ్మదీయ సేవకుని కుమారుడు, రెండవ ప్రక్క ఒక జాలరి కుమారుడు కూర్చుండెడివారు. పక్షులను గూర్చియు, జలచరములను గూర్చియు వారు చెప్పిన ముచ్చట్లే తనకు ప్రకృతిపై ఆసక్తి కలిగించెనని బోసు పెద్దవాడైన పిదప చెప్పుకొనెను.

కలకత్తాలోని సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫాన్ అను గురువు ఆయనకు భౌతికశాస్త్రమునందు అభిరుచి కలిగించెను. 1880లో వైద్యము చదువుటకై ఇంగ్లండు వెళ్లెను గాని, జ్వరపీడచే ఆ చదువు మాని కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రముల నభ్యసించెను. 1885లో స్వదేశమునకు వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా చేరెను.

అచ్చట ఒకే పనికి ఐరోపా వారికి ఒక జీతము, భారతీయునకు అంతకు తక్కువ జీతము. బోసు వాదులాటకు దిగలేదు, పాఠములు మానలేదు. జీతము మాత్రము ముట్టలేదు. ఇట్లు మూడు సంవత్సరములు గడచెను. తండ్రి అప్పులు తలమీద నుండగా ఆయన పట్టిన పట్టు సామాన్యమైనది కాదు. మదరాసులో వైద్యవిద్య నభ్యసించిన అబలాదేవిని 1887లో వివాహమాడెను. ఆమెయు ఆ కష్టములను సంతోషముగ పంచుకొనెను. తుదకు అధికారులే లొంగి, మొదటి దినము నుండి లెక్కగట్టి పూర్తి జీతము నిచ్చిరి. ఆ సొమ్ము తండ్రి ఋణములు తీర్చుటకు వినియోగమయ్యెను.

1895లో ఆయన కలకత్తాలో జనసమక్షమున, తీగ లేకుండ విద్యుత్తరంగములను గోడల కావలికి పంపి గంట మ్రోగించెను. ఆ తరంగములను పట్టు లోహపు సాధనము ఎడతెగక పనిచేసినచో అలసినట్లు మందగించుటయు, విశ్రాంతి నిచ్చినచో తేరుకొనుటయు ఆయన గమనించెను. లోహమే ఇట్లుండగా మొక్క ఎట్లుండునో అను ప్రశ్న ఆయనను వృక్షశాస్త్రమునకు మరల్చెను.

1901 మే నెలలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో విషము తగిలిన మొక్క చలనము క్రమముగా సన్నగిలి ఆగిపోవుటను ఆయన పండితులకు ప్రదర్శించెను. మరుసటి నెలలో రాయల్ సొసైటీ సభలో ప్రాణిశాస్త్ర పండితులు ఆయనను ఎదిరించిరి. భౌతికశాస్త్రజ్ఞుడు తన హద్దులో నుండవలెనని వారి అభిప్రాయము. ఆయన వ్యాసము అచ్చు కాలేదు.

బోసు మరింత సూక్ష్మమైన యంత్రములను కలకత్తా పనివారిచేతనే చేయించెను. క్రెస్కోగ్రాఫు అను యంత్రము మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెంచి చూపెను. అత్తిపత్తి ఆకును తాకినచో ఆ వార్త నీటి ఒత్తిడివలననే ప్రాకునని ఆనాటి పండితులు తలచిరి. బోసు కాడలో ఒకచోట మాత్రము చలువ గాని విషము గాని తగిలించెను. వార్త అచ్చట మందగించెను, లేదా ఆగిపోయెను. గొట్టములోని నీటికి విషముతో పని యేమి? కావున అది జీవకణముల పని యనియు, విద్యుత్ సంకేతముగా సాగుననియు ఆయన నిశ్చయించెను.

1917లో సర్ బిరుదము లభించెను. ఆ సంవత్సరమే తన జన్మదినమున కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ తన సభ్యునిగా ఎన్నుకొనెను. శాస్త్రము సామాన్యులకు అందవలెనని వంగభాషలో వ్యాసములు వ్రాసి, 1921లో అవ్యక్త అను పేర ప్రకటించెను. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో కన్నుమూసెను.

ఆయన చెప్పినదంతయు నిలువలేదు. చెట్టులో రసము పైకెక్కుట కణముల స్పందనము వలననే యను ఆయన సిద్ధాంతమును శాస్త్రలోకము అంగీకరింపలేదు. మొక్కకు జంతువువలె నరములు లేవు. కాని వార్త ప్రాకుట నిజము. దానిని మోయువానిలో నొకటి సున్నమునకు మూలమైన కాల్షియమని తరువాతి వారు కనుగొనిరి. జీవకణము తన లోపలి రసములో కాల్షియమును అతి స్వల్పముగా నుంచుకొనును. వెలుపల అది వేలకొలది రెట్లు అధికము. చలి, ఉప్పు, నీటి కొరత, పురుగు కాటు, ఏది సోకినను కణపు పొరలోని ద్వారములు తెరచుకొని కాల్షియము లోనికి వచ్చును. అది కణమునకు హెచ్చరిక. పని తీరగానే కణము దానిని మరల వెలుపలికి త్రోసివేయును. నీరు చాలనపుడు ఆకులలోని సూక్ష్మరంధ్రములు మూసికొనుటకును ఈ సంకేతము తోడ్పడును.

1991లో ఎడింబరో శాస్త్రజ్ఞులు, కాల్షియము తగిలిన వెలుగునిచ్చు జెల్లీ చేప పదార్థమును పొగాకు మొక్కలో పుట్టించిరి. మొక్కను తాకినను, చలి సోకించినను అది వెలిగెను. 2018లో గొంగళిపురుగు కొరికిన ఆకునుండి దూరపు ఆకులకు కొలది నిమిషములలో కాల్షియపు అల సాగుట కంటికి కనబడెను. 2022లో జపాను శాస్త్రజ్ఞులు బోసు మక్కువతో పరిశీలించిన అత్తిపత్తినే తీసికొని, అందు విద్యుత్ సంకేతమును, కాల్షియపు సంకేతమును జంటగా ప్రయాణించి ఆకును ముడువజేయునని చూపిరి. ముడుచుకొనలేని ఆకులను మిడుతలు హెచ్చుగా తినివేసినవి.

బోసునకు ఈ కాల్షియపు సంగతి తెలియదు. మొక్క తనకు కలిగిన బాధను ఒక చోటినుండి మరియొక చోటికి తెలుపుకొనునని మాత్రము ఆయన ఎరుగును. పండితసభ కాదన్ననాడు ఆయన చేసినది మరల ప్రయోగశాలకు పోవుటయే. నాడు ఆయన మొక్కచేత గీయించిన రేఖలు, వాదములు సమసిన పిదపను నిలిచియున్నవి.