పాస్కల్ బాల్యవిద్య

గణితమనిన మన విద్యార్థులలో ననేకులకు భయము. సాయంకాలపు గంట మ్రోగగానే పుస్తకముతోపాటు లెక్కల తలంపునుగూడ మూసివేసి యింటికి బోవువారిని మేము దినదినమును జూచుచున్నాము. అయితే, గణితము నేర్వవలదని తండ్రి నిషేధింపగా, ఆటవేళ నింటిలోనే దానిని కనుగొన్న బాలు డొకడు కలడు. ఆతని కథను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును దెలుపగోరుచున్నాము.

బ్లేజ్ పాస్కల్ 1623వ సంవత్సరము జూను 19వ తేదీని ఫ్రాన్సు దేశమందలి క్లెర్మాంట్ నగరమున జన్మించెను. ఆతని మూడవయేటనే తల్లి గతించెను. తండ్రియగు ఎతియెన్ పాస్కల్ పన్నుల న్యాయస్థానమున నున్నతోద్యోగి, గణితమునందు ప్రవీణుడు. ఆయన 1631లో బిడ్డలతో పారిసు నగరము చేరి, కుమారుని ఏ పాఠశాలకును బంపక తానే గురువయ్యెను. బాలుని శక్తికి మించిన పాఠమును మోపరాదనునది ఆయన నియమము.

బాలుడు ప్రతిదానికిని కారణ మడుగుచుండెడివాడు. ఒకనాడు భోజనపు బల్లయొద్ద పింగాణీ పళ్లెమునకు కత్తి తగిలి మ్రోగగా, చేయి వేసినతోడనే యా ధ్వని యేల యాగెనని యోచించి, పరీక్షలు చేసి, యొక చిన్న వ్యాసమునే వ్రాసెను.

గణితపు రుచి మరగినచో లాటిను, గ్రీకు భాషలను విడుచునేమో యని తండ్రి వెఱచి, ఆ గ్రంథములను దాచివేసెను. బాలు డూరకుండక, రేఖాగణిత మననేమి యని యడిగెను. సరియైన యాకారములను గీచి, వాని పరస్పర సంబంధములను గనుగొను శాస్త్రమని మాత్రము చెప్పి, యిక ఆ మాట తలపెట్టవలదని తండ్రి యాజ్ఞాపించెను.

ఆ యొక్క మాటయే చాలెను. పండ్రెండేండ్ల బాలుడు తన యాటగదిలో నేలపై బొగ్గుతో గీతలు గీయ నారంభించెను. శాస్త్రనామములు తెలియమిచే రేఖలను కడ్డీలనియు, వృత్తములను గుండ్రములనియు బిలుచుకొనెను. ఒకనాడు తండ్రి గదిలోనికి వచ్చినను బాలుడు గమనింపలేదు. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము రెండు సమకోణములకు సమానమని యాతడు తనంతట సాధించుచుండెను. ఇది యూక్లిడు ప్రథమ గ్రంథమందలి 32వ సిద్ధాంతము. తండ్రి కోపింపక, యానందబాష్పములతో మిత్రునికడ కేగి చెప్పెననియు, పిమ్మట యూక్లిడు గ్రంథమును విరామవేళల చదువుకొమ్మని బాలున కిచ్చెననియు అక్క జిల్బెర్త్ వ్రాసిన చరిత్రవలన దెలియుచున్నది.

తరువాత 1640లో పాస్కల్ శాంకవములనుగూర్చి చిన్న వ్యాసము నచ్చొత్తించెను. అప్పుడు తండ్రి రువాన్ నగరమున పన్నుల యధికారియై, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు కూడికలతో నలసిపోవుచుండెను. ఆ శ్రమను జూడలేక కుమారుడు 1642లో లెక్కించు యంత్రమును నిర్మింప మొదలిడెను. ఒక చక్రము పూర్తిగా తిరిగినచో ప్రక్కచక్ర మొక స్థానము జరుగును. కూడికలో మనము పైస్థానమునకు జేర్చు నొకటి యదియే. తండ్రి యొసగిన విద్య యిట్లు తండ్రికే తోడయ్యెను. పాస్కల్ 1654లో ఫెర్మాతో లేఖలు జరిపి సంభావ్యతాశాస్త్రమునకు పునాది వేసి, 1662 ఆగస్టు 19న ముప్పదితొమ్మిదవ యేట పారిసులో మరణించెను.

తలిదండ్రులారా! ఎతియెన్ చేసిన నిషేధమును మీ రనుసరింపవలెనని మా యభిప్రాయము కాదు. అందరు బాలురును పాస్కలులు కారు. కాని ప్రశ్న నడిగిన బిడ్డను కసరకుండుటయు, నేలపై బొగ్గుగీతలు చూచి దండింపకుండుటయు, తన పొరపాటు తెలిసినంతనే నిర్ణయమును మార్చుకొనుటయు నే తండ్రికైనను సాధ్యములే.

విద్యార్థులారా! ఈ రాత్రి యొక కాగితమును త్రిభుజముగా కత్తిరించి, మూడు మూలలను చించి, వాని కొనలు కలియునట్లు ప్రక్కప్రక్కన జేర్చి చూడుడు. అవి యొక సరళరేఖపై నమరును. ఏ త్రిభుజమైన నిట్లే యగునా యని మఱియొకటి కత్తిరింప మీకు దోచినచో, గణితము మీ యింట బ్రవేశించినట్లే.