గోడమీది డబ్బాలో వడ్రంగి కొడుకు

మన విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, ఈ ఏటి సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం వ్రాసి పంపమన్నాడు. పాత విద్యార్థిని గనుక కాదనలేకపోయాను. నేను ఎత్తుకున్నది కాలేజీ మొహం చూడని ఒక వడ్రంగి కథ. ఆ కథ నాకు గుర్తుకు రావడానికి కారణం ఒక పాడైపోయిన థర్మోస్టాట్.

మాది ఖమ్మం జిల్లా బోనకల్. మే నెలలో ఇల్లు వెచ్చజేసుకోవడమనే మాట ఎత్తితే జనం నవ్విపోయే ఊరు. అలాంటి ఊరివాణ్ణి, 2022 చలికాలంలో ఇంగ్లండులోని లీడ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడి ఇళ్లలో బాయిలరు గ్యాసుతో నీళ్లు కాస్తుంది. ఆ వేడినీళ్లు గొట్టాల వెంబడి గదిగదికీ తిరుగుతాయి. నడవాలో గోడకు ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఇల్లు చల్లబడితే బాయిలర్ని వెలిగించేదీ, చాలినంత వెచ్చబడితే ఆర్పేదీ అదే. మా వాళ్ల ఇంటి డబ్బా ముసలిదైపోయింది. 20 డిగ్రీల దగ్గర ఆపవలసింది 24 దాటినా ఆపడం లేదు. ఆ సంవత్సరమేమో యుద్ధం మూలంగా గ్యాసు ధర మండిపోతున్నది. బిల్లు చూసి అల్లుడు మార్పించక తప్పదన్నాడు.

పనివాడు వచ్చి ముందు మెయిన్ ఆపినాడు. కరెంటు రావడం లేదని మీటరు పెట్టి చూసుకుని, మూత విప్పి, ఏ తీగ ఏ మరకు ఉన్నదో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. పాతది ఊడదీసి, అంకెలు కనబడే కొత్తది బిగించినాడు. కొత్తదాంట్లో వేడినిబట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న పూస ఒకటి ఉంటుంది. అరగంటలో పని అయిపోయింది. పాతదాన్ని పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను.

విప్పి చూస్తే లోపల ఒక రేకు. ఒక పక్క ఒక లోహం, రెండో పక్క ఇంకొకటి, రెండూ కలిసి ఒకటే పట్టీ. వేడి తగిలితే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. రెండూ అతుక్కుని ఉన్నాయి గనుక సాగే దారిలేక పట్టీ వంగుతుంది. వంగితే కొస విడిపోయి కరెంటు ఆగుతుంది. చల్లారితే మళ్లీ తగులుతుంది. ఊగిసలాడకుండా టక్కున తగలడానికి పక్కనే ఒక చిన్న అయస్కాంతం. ఇంతే యంత్రం.

ఆ రేకు నాకు కొత్త కాదు. మా నాయన వడ్రంగి. బడికి పోయినవాడు కాదు. బోనకల్ స్టేషన్లో రెండు పట్టాల మధ్య సందు ఎందుకు విడిచిపెడతారో నాకు చెప్పింది ఆయనే. ఎవరి ఇస్త్రీపెట్టో చెడిపోతే విప్పి, ఇటువంటి రేకునే దీపం మీద కాచి వంగడం చూపించినాడు. తర్వాత మన కాలేజీ ఫిజిక్స్ లాబరేటరీలో అదే ప్రయోగం వస్తే నేను ఇదివరకే చూసినానని చెప్పుకోలేదు. నాయన వృత్తి చెప్పవలసి వస్తుందని సిగ్గుపడినాను.

ఈ రేకును లోకానికిచ్చినవాడు జాన్ హారిసన్. 1693లో యార్క్‌షైర్‌లోని ఫౌల్బీ అనే పల్లెలో పుట్టినాడు. లీడ్స్‌కు ఓ పాతిక కిలోమీటర్ల దూరం. తండ్రి వడ్రంగి, కొడుకుకూ అదే పని. చిన్నప్పుడే కుటుంబం లింకన్‌షైర్‌లోని బారో అనే ఊరికి మారింది. ఇరవై ఏళ్లకే కొయ్య చక్రాలతో గడియారం చేసినాడు. 1717లో చేసిన ఒకటి ఆయన పుట్టిన ఊరి పక్కనున్న నాస్టెల్ భవనంలో ఉన్నది. బ్రాక్లెస్‌బీ పార్కులో చేసిన పెద్ద గడియారానికైతే నూనె అవసరమే లేదు. సహజంగానే జిడ్డు ఊరే ఒక గట్టి చెక్కను ఇరుసుల దగ్గర వాడినాడు. చెక్క గుణం తెలిసినవానికే తట్టే ఉపాయం అది.

గడియారానికి పగ ఎండ. ఎండకు లోలకం సాగితే గడియారం వెనకబడుతుంది. హారిసన్ ఇత్తడి కడ్డీలూ ఉక్కు కడ్డీలూ పక్కపక్కన అమర్చి, ఒకదాని సాగుదలను ఇంకొకదానితో కొట్టివేసినాడు.

ఆ రోజుల్లో సముద్రం మీద ఓడ ఎంత తూర్పున ఉన్నదో, ఎంత పడమట ఉన్నదో తెలిసే దారి లేదు. మన మచిలీపట్నం రేవుకు 1611 నుంచే ఇంగ్లీషు కంపెనీ ఓడలు వస్తుండేవంటే, అవన్నీ అంచనా మీద వచ్చినవే. 1707లో సిల్లీ దీవుల దగ్గర దారి తెలియక నాలుగు యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకున్నాయి. వెయ్యిమందికి పైగా నావికులు చచ్చిపోయినారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌన్ల బహుమానం ప్రకటించింది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. బయలుదేరిన చోటి టైమును తప్పకుండా మోసుకుపోయే గడియారం ఉంటే, నడినెత్తి సూర్యుణ్ణి చూసి రేఖాంశం లెక్కకట్టవచ్చు. కానీ ఊగే ఓడలో, మారే ఎండలో, ఉప్పుగాలిలో అటువంటి గడియారం అసాధ్యమని పండితులు తేల్చేసినారు.

హారిసన్ లండన్ పోయినాడు. జార్జి గ్రాహం అనే పేరుపొందిన గడియారాల ఆయన వడ్డీ లేకుండా అప్పిచ్చినాడు. 1735కు మొదటి యంత్రం తయారైంది. 1736లో లిస్బన్ వెళ్లి తిరిగి వస్తుంటే, ఓడవాళ్లు తీరాన్ని ఒకచోటు అనుకుంటే హారిసన్ వేరొకచోటు అన్నాడు. ఆయన మాటే నిజమైంది. అయినా తన పనిలో తప్పులెన్నింది ఆయనే. రెండోది చేసి, నచ్చక పక్కన పెట్టినాడు. మూడోదానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఇత్తడి, ఉక్కు కలిపి రివెట్లు కొట్టిన ఆ రేకు పుట్టింది ఆ మూడోదాంట్లోనే. గోడమీది డబ్బాకూ ఇస్త్రీపెట్టెకూ మూలపురుషుడు అదే.

నాలుగోది 1759లో పూర్తయింది. ఎత్తు, బరువు ఉన్న యంత్రం కాదు. 13 సెంటీమీటర్ల పెద్ద జేబుగడియారం లాంటిది. 1761లో కొడుకు విలియం దాన్ని జమైకా తీసుకుపోయినాడు. 81 రోజులకు తేడా 5 సెకండ్లు. బోర్డువారు కాకతాళీయమన్నారు. 1764లో బార్బడోస్ ప్రయాణంలోనూ గెలిచింది. అప్పుడు సగం డబ్బిచ్చి, మిగతాదానికి కొత్త షరతులు పెట్టినారు. చంద్రుణ్ణి చూసి లెక్కకట్టే పద్ధతిని నమ్మిన మాస్కలిన్ అనే ఖగోళశాస్త్రవేత్త 1765లో ఆ బోర్డులోనే కూర్చున్నాడు. మాస్కలిన్ పద్ధతి కూడా పనికివచ్చేదే, ఆయన చెడ్డవాడనలేము. కానీ తీర్పరీ పోటీదారూ ఒకరే అయితే ఎట్లా?

చివరకు రాజు మూడో జార్జి కల్పించుకున్నాడు. హారిసన్ అయిదో గడియారాన్ని 1772లో రాజే స్వయంగా పరీక్ష చేయించినాడు. 1773లో పార్లమెంటు 8,750 పౌన్లు మంజూరు చేసింది. అప్పటికాయనకు ఎనభై ఏళ్లు. బహుమానమనే పేరు మాత్రం ఆయనకు దక్కనే లేదు. నాలుగో గడియారం నకలుతో కెప్టెన్ కుక్ ప్రపంచం చుట్టి 1775లో తిరిగివచ్చినాడు. 1776 మార్చి 24న హారిసన్ కన్నుమూసినాడు.

రేకు ప్రయాణం ఆగలేదు. 1830లో ఆండ్రూ యూర్ అనే శాస్త్రవేత్త జంటలోహపు పట్టీతో పనిచేసే థర్మోస్టాట్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1883లో అమెరికాలోని వైట్‌వాటర్ అనే ఊళ్లో, వారెన్ జాన్సన్ అనే కాలేజీ అధ్యాపకుడు గది వేడి తెలిపే విద్యుత్ పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. క్లాసు జరుగుతుండగా మాటిమాటికీ జవాను లోపలికి వచ్చి వేడి చూసిపోతుంటే విసుగెత్తి చేసిన పని అది. మన లెక్చరర్లకు ఆ బాధ అర్థమవుతుంది.

ఇంతకూ మా నాయన సంగతి. ఒక ఆఫీసుకు, ఏ ఆఫీసో ఎందుకులెండి, ఆయన తలుపులూ కిటికీలూ చేసి ఇచ్చినాడు. సగం డబ్బిచ్చి, తగిన సర్టిఫికెట్ లేదని మిగతా సగం ఆపినారు. ఆయన బోనకల్ నుంచి రైలెక్కి ఎన్నోసార్లు తిరిగినాడు. ఆయనకు ఏ రాజూ అడ్డుపడలేదు. ఆ సొమ్ము రానేలేదు. నేను డిగ్రీ చేతబట్టుకుని కూడా ఆయన వెంట ఒక్కసారీ ఆ ఆఫీసుకు పోలేదు. ఇప్పుడు తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

మిత్రులారా, మీలో చేతివృత్తుల ఇళ్లనుంచి వచ్చినవారు చాలామంది ఉంటారు. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే గట్టిగా చెప్పండి. ఆయనతోపాటు ఒకసారి ఆఫీసుకు కూడా వెళ్లండి. లీడ్స్ నుంచి తెచ్చిన ఆ డబ్బాను నేను బోనకల్ ఇంట్లో నాయన ఉలీ బాడిసే ఉన్న పెట్టెలోనే పెట్టినాను. మే నెల మధ్యాహ్నం పెట్టె తీసి చూస్తే, ఆ రేకు పూర్తిగా వంగి ఉంటుంది.