కెప్టెన్ మాథ్యూ వెబ్

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ ఇంగ్లీషు ఛానెల్ అను సముద్రభాగము కలదు. డోవర్ రేవుకడ దాని వెడల్పు సుమారు 21 మైళ్ళు. అచ్చటి నీరు నడివేసవియందును మిక్కిలి చల్లగా నుండును. ఆటుపోటుల ప్రవాహములు సుమారు ఆఱు గంటల కొకసారి దిక్కు మార్చుచు ఈతగానిని దారి తప్పించుచుండును. ఈ జలమును ఏ సాధనమును లేక ఈది దాటుట మానవునకు సాధ్యము కాదని ఒకప్పుడు పెక్కుమంది తలచిరి. ఆ తలంపును తొలగించినవాడు మాథ్యూ వెబ్.

వెబ్ 1848వ సంవత్సరము జనవరి 19వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున డాలీ అను ఊర జన్మించెను. తండ్రి వైద్యుడు. బాల్యముననే వెబ్ సెవర్న్ నదిలో ఈత నేర్చెను. పిమ్మట కాన్వే అను శిక్షణనౌకలో చేరి నావికవృత్తి నవలంబించెను. 1873లో అతడు రష్యా అను నౌకపై అట్లాంటిక్ మహాసముద్రమున పయనించుచుండగా ఒక నావికుడు కెరటములలో పడిపోయెను. వెబ్ తోడనే నీటిలోనికి దుమికెను. ఆ నావికుడు దొరకలేదు. అరగంటకు పైగా శీతలజలమున ఈదిన వెబ్‌ను మాత్రము పడవవారు చేర్చుకొనిరి. ఈ సాహసమునకు గాను అతనికి స్టాన్‌హోప్ స్వర్ణపతకము లభించెను. ఆ పతకమును తొలుత పొందినవాడు అతడే.

ఈతయందు ఆరితేరుటకు దేహమెట్లుండవలెను? నేటి పందెములలో గెలుచువారు పెక్కండ్రు పొడవైన చేతులు గల పొడగరులు. వెబ్ అట్టివాడు కాడు. అతని ఎత్తు 5 అడుగుల 8 అంగుళములు. బరువు సుమారు 200 పౌనులు. ఱొమ్ము విశాలము, భుజములు బలిష్ఠములు. గాలికంటె నీరు దేహములోని వేడిమిని ఎన్నో రెట్లు త్వరగా హరించును. చల్లని నీటిలో దీర్ఘకాలము ఈదువానికి చర్మము క్రింది కొవ్వుపొర కంబళివలె కాపుదల యగును, తేలుటకును తోడ్పడును. వెబ్ ఈదినది కప్ప ఈత. అందు వేగము తక్కువ. కాని నిదానముగా, ఒకే తీరున బారలు వేయుచు, అతడు గంటల తరబడి సాగిపోగలిగెడివాడు.

దేహబలమునకు తోడు మనోనిబ్బరమును కావలెను. 1872లో జాన్సన్ అను ఈతగాడు ఛానెల్ దాటబూని, గంటకు పైగా ఈది విరమించెను. ఈ వార్తను పత్రికలో చదివిన వెబ్‌కు తానును ప్రయత్నింపవలెనను సంకల్పము కలిగెను. అప్పుడతడు ఎమరాల్డ్ అను నౌకకు కెప్టెన్. ఆ ఉద్యోగమును విడిచి సాధన మొదలిడెను. 1875 జూలైలో థేమ్సు నది పోటు వెంబడి సుమారు 20 మైళ్ళు 5 గంటలలోపున ఈదెను.

ఆ ఆగస్టు 12వ తేదీన వెబ్ డోవర్ నుండి ఛానెల్‌లో దిగెను. గాలి హెచ్చెను, సముద్రము పొంగెను. దాదాపు ఏడు గంటలు ఈదిన పిమ్మట, దారి మిక్కిలి తప్పినదని గ్రహించి, అతడు మొండితనమునకు పోక పడవ నెక్కెను. మరలి వచ్చినందువలననే మరల ప్రయత్నించుటకు వీలు కలిగెను.

ఆగస్టు 24వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంటకు కొంచెము ముందు, ఒడలికి నూనె పట్టించుకొని, వెబ్ రెండవసారి నీటిలో దుమికెను. పడవలలోనివారు నడుమనడుమ మాంసరసమును, కాఫీని అందించిరి. జెల్లీ చేప కుట్టగా కలిగిన మంట నతడు సహించెను. రాత్రి గడిచెను. ఫ్రాన్సు తీరము సమీపించినది. కాని గ్రీ నే అగ్రముకడ ప్రవాహము అడ్డుపడి సుమారు 5 గంటలు అతనిని ఒడ్డు చేరనీయలేదు. గమ్యము కన్నుల యెదుట నుండగా ఓర్పు వహించుట కడు కష్టము. వెబ్ ప్రవాహము మరలువఱకు తీరము వెంబడి ఈదుచునే యుండెను. 21 గంటల 45 నిమిషములకు, అనగా మఱునాటి ఉదయము, కలే ఒడ్డున కాలు మోపెను. వంకరదారిన అతడు ఈదినది 40 మైళ్ళకు దగ్గఱ. తరువాత 36 ఏండ్లవఱకు ఎవ్వరును ఈ కార్యమును సాధింపలేకపోయిరి. 1911లో థామస్ బర్జెస్ రెండవవాడయ్యెను.

వెబ్‌కు కీర్తియు ధనమును వచ్చెను. కాని ధనము నిలువలేదు. 1880లో వివాహమై, బిడ్డలు కలిగిరి. కుటుంబపోషణకై అతడు పందెములలో ఈదెను. నీటితొట్టెలలో గంటల కొలది తేలి జనులకు వినోదము కల్పించెను. ఆరోగ్యము క్షీణించెను. తుదకు అమెరికా కేగి, నయాగరా జలపాతము దిగువనున్న భయంకరమగు సుడిని ఈది దాటుదునని ప్రకటించెను. పలువురు వారించిరి. అతడు వినలేదు. 1883 జూలై 24వ తేదీన ఆ ప్రవాహమున దుమికి మునిగిపోయెను. కొన్ని దినములకు అతని కళేబరము దొరకెను. అప్పటికతని వయస్సు 35 ఏండ్లు.

వెబ్ చూపిన మార్గమున మన దేశమువారును నడచిరి. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఛానెల్‌ను ఈదిరి. ఆరతి తొలి ప్రయత్నమున విఫలురాలై, నెల తిరిగిన పిమ్మట గెలిచెను.

నీటిని జయించుటకు కండబలము, ఊపిరి, ఓర్పు, ధైర్యము అన్నియు కావలెను. వీనితోపాటు నీటి బలమును, తన బలమును సరిగా తూచు వివేకమును కావలెను. ఆ వివేకమున్న నాడు వెబ్ మరలి వచ్చి, పండ్రెండు దినములకే లోకమునకు ఆశ్చర్యము గొలిపెను. అది లోపించిన నాడు ఎంతటి సాహసమును అతనిని కాపాడలేకపోయెను.