రెండింటినీ వదులుకోని ఫాదర్



మనిషిని దేవుడు చేశాడా, లేక జీవపరిణామంలో పుట్టాడా అని మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా? ఆ ప్రశ్నతోనే జీవితమంతా గడిపిన ఒక ఫాదర్ గురించి ఈ నెల తెలుసుకోండి.

పియర్ తెయార్ ద షార్దాన్ 1881లో ఫ్రాన్స్‌లో పుట్టారు. జెస్యూట్ సభలో చేరి, కైరోలోని స్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పారు. తర్వాత శిలాజాల సైన్స్ చదివి, చైనాలో పెకింగ్ మానవుడిపై పరిశోధన చేసిన బృందంలో పనిచేశారు. పరిణామం దేవుణ్ణి కాదనదని, సృష్టి ఇంకా సాగుతూనే ఉందని చెబుతుందని ఆయన నమ్మారు.

చర్చి పెద్దలకు అది నచ్చలేదు. పారిస్‌లో పాఠాలు మాన్పించారు. ఈ ఆలోచనలపై పుస్తకాలు అచ్చు వేయనివ్వలేదు. కొందరు శాస్త్రవేత్తలూ ఆయన్ని తప్పుపట్టారు. అయినా ఆయన సభను వీడలేదు, సైన్స్‌నూ వీడలేదు, రాయడమూ ఆపలేదు. 1955లో ఈస్టర్ రోజున న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన ముఖ్య గ్రంథం ఆ తర్వాతే వెలువడింది.

మన ఇళ్లలో దేవుడి గది ఉంటుంది, పిల్లల బ్యాగులో సైన్స్ పుస్తకం ఉంటుంది. పిల్లలు ఆ ప్రశ్న అడిగితే, అలాంటివి అడగకూడదని నోరు మూయించకండి. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. జవాబు దొరకడానికి ఏళ్లు పట్టినా ఫరవాలేదు.