ఊరి పాటను రేడియో ఎక్కించిన అలన్ లోమాక్స్

అమెరికా సంగీతం అనగానే మనకు జాజ్, బ్లూస్, రాక్ అంటూ నాలుగైదు పేర్లు గుర్తొస్తాయి. ఇవన్నీ పెద్ద నగరాల్లో, పెద్ద కంపెనీల స్టూడియోల్లో పుట్టాయేమో అనిపిస్తుంది. కానీ వాటి వేళ్లు పత్తి చేలల్లో, జైళ్లలో, కొండ ఊళ్ల ఇళ్ల వసారాల్లో ఉన్నాయి. ఆ సంగతిని అమెరికన్లకే రేడియోలో వినిపించి చూపిన మనిషి అలన్ లోమాక్స్. ఆయన కన్నుమూసి ఇరవై ఏళ్లు దాటింది. సొంత ప్రాంతానికి దూరంగా తరాల తరబడి ఉంటూ భాషనూ పాటనూ కాపాడుకుంటున్న మనలాంటి కుటుంబాలు ఆయన జీవితం గురించి తెలుసుకోవాలి. అందులో గొప్ప పనులున్నాయి. తీరని బాకీలూ ఉన్నాయి.

తండ్రి వెంట మొదటి ప్రయాణం

అలన్ లోమాక్స్ 1915 జనవరి 31న టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో పుట్టారు. తండ్రి జాన్ లోమాక్స్ 1910లోనే కౌబాయ్‌ల పాటలు సేకరించి పుస్తకంగా అచ్చు వేయించారు. ఆ రోజుల్లో పశువులను తోలుకుపోయేవాళ్ల పాటలను సాహిత్యంగా చూసిన పండితులు తక్కువ. 1931లో అలన్ తల్లి చనిపోయారు. ఆర్థిక మాంద్యం దెబ్బకు తండ్రి బ్యాంకు ఉద్యోగం కూడా పోయింది. కుటుంబం దిక్కుతోచని స్థితిలో పడింది.

అప్పుడు తండ్రీకొడుకులు ఒక సాహసానికి పూనుకున్నారు. 1933 వేసవిలో, అమెరికా జాతీయ గ్రంథాలయంగా పనిచేసే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం పాటలు రికార్డు చేయడానికి ఫోర్డు కారులో దక్షిణాది రాష్ట్రాలకు బయలుదేరారు. తండ్రికి అరవై ఐదేళ్లు, కొడుకుకు పద్దెనిమిది. కారు వెనక పెట్టుకున్న రికార్డింగు యంత్రం బరువు 315 పౌండ్లు, అంటే సుమారు 143 కిలోలు. ఎక్కడ పాట వినిపిస్తే అక్కడ దాన్ని సిద్ధం చేసుకుని, పాటను అప్పటికప్పుడు పళ్లెం లాంటి డిస్కు మీద చెక్కేవారు.

వాళ్లు ముఖ్యంగా జైళ్లకు వెళ్లారు. రేడియో, గ్రామఫోను పాటలు చేరని చోట పాత పాటలు చెక్కుచెదరకుండా ఉంటాయని వారి అంచనా. లూసియానా రాష్ట్రంలోని అంగోలా జైలులో హడీ లెడ్‌బెటర్ అనే నల్లజాతి ఖైదీ పన్నెండు తీగల గిటారు వాయిస్తూ పాడటం విన్నారు. ఆయనకు లెడ్ బెల్లీ అనే పేరు కూడా ఉంది. లెక్కలేనన్ని పాటలు ఆయనకు నోటికి వచ్చు. పనిపాటలు, భక్తి పాటలు, పిల్లల ఆటపాటలు, ప్రేమ పాటలు అన్నీ ఆ ఒక్క గొంతులోనే ఉన్నాయి.

లెడ్ బెల్లీ 1934లో విడుదలై, జాన్ లోమాక్స్‌కు కారు నడుపుతూ తిరిగారు. న్యూయార్క్‌లో కచేరీలు చేశారు, పత్రికలకు ఎక్కారు. అయితే ఆదాయంలో పెద్ద వాటా తండ్రీకొడుకులకే వెళ్లే ఒప్పందం అది. పైగా ఆయన్ను కొన్ని చోట్ల ఖైదీ వేషంలోనే జనానికి చూపించారు. 1935లోనే డబ్బు విషయంలో ఇద్దరికీ చెడింది. అలన్ మాత్రం లెడ్ బెల్లీని వదల్లేదు. 1939లో ఆయన మళ్లీ కేసులో చిక్కుకున్నప్పుడు, చదువు మధ్యలో ఆపి మరీ వకీలు ఖర్చులకు డబ్బు కూడగట్టారు.

గ్రంథాలయం నుంచి రేడియోకు

1937లో అలన్‌కు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జానపద గేయ విభాగం బాధ్యత దక్కింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. మరుసటి ఏడాది మే నెలలో జెల్లీ రోల్ మోర్టన్ అనే జాజ్ పియానో విద్వాంసుణ్ణి గ్రంథాలయంలోని ఆడిటోరియానికి పిలిచారు. ఒకప్పుడు వెలిగిన మోర్టన్ అప్పటికి వాషింగ్టన్‌లో ఒక చిన్న క్లబ్బులో రోజులు వెళ్లదీస్తున్నారు. పియానో ముందు కూర్చోబెట్టి, న్యూ ఆర్లియన్స్ వీధుల్లో జాజ్ ఎలా పుట్టిందో చెప్పమని అలన్ అడిగారు. మోర్టన్ వాయిస్తూ, పాడుతూ, కథలు చెబుతూ పోయారు. అది ఎనిమిది గంటలకు పైగా రికార్డయింది. మూడేళ్లకే, 1941లో, మోర్టన్ చనిపోయారు. ఆ రికార్డింగే లేకపోతే జాజ్ తొలి రోజుల గురించి అంత వివరమైన కథనం మనకు మిగిలేది కాదు.

అయితే బీరువాల్లో డిస్కులు పేర్చుకుంటూ పోతే ఎవరికి లాభం అన్న ప్రశ్న అలన్‌ను వదల్లేదు. దానికి రేడియో దారి చూపింది. 1939లో సీబీఎస్ రేడియో దేశమంతటా బడి పిల్లల కోసం నడిపే అమెరికన్ స్కూల్ ఆఫ్ ది ఎయిర్‌లో జానపద సంగీత పాఠాలు మొదలుపెట్టారు. ఒక వారం నావికుల పాటలు, ఇంకో వారం కలప కొట్టేవాళ్ల పాటలు, మరోసారి రైలు పట్టాలు వేసిన కూలీల పాటలు. ఊరి పాటను ముందు పాడించి, ఆ తర్వాత అదే పాట ఆధారంగా పేరున్న స్వరకర్తలు కట్టిన ఆర్కెస్ట్రా రచనను వినిపించేవారు. ఆరన్ కోప్లాండ్ 1940లో జాన్ హెన్రీ అనే రచన చేసింది ఈ కార్యక్రమం కోసమే. కూలీ పాట, కచేరీ సంగీతం ఒకే పాఠంలో పక్కపక్కన నిలబడ్డాయి.

1940లోనే నికొలస్ రే అనే మిత్రుడితో కలిసి బ్యాక్ వేర్ ఐ కమ్ ఫ్రమ్ అనే కార్యక్రమం చేశారు. వుడీ గత్రీ, లెడ్ బెల్లీ, జాష్ వైట్, బర్ల్ ఐవ్స్, గోల్డెన్ గేట్ క్వార్టెట్ అందులో పాల్గొన్నారు. దక్షిణాదిలో నల్లవారు, తెల్లవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేని కాలం అది. అలాంటి రోజుల్లో ఇద్దరి గొంతులూ ఒకే కార్యక్రమంలో వినిపించాయి. ప్రకటనలిచ్చే కంపెనీ దొరకలేదు. 1941 ఫిబ్రవరికల్లా కార్యక్రమం ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మ్యూచువల్ రేడియోలో యువర్ బాలడ్ మ్యాన్ నడిపారు. ఇండోనేషియా గమెలాన్, యూదుల క్లెజ్మర్, సిడ్నీ బెషే జాజ్, ఎలక్ట్రిక్ గిటార్ల కొండప్రాంత పాటలు, ఫిన్‌లాండ్ బ్యాండు మేళం, అన్నీ అందులో వినిపించాయి. సంగీతంలో పెద్ద కులం, చిన్న కులం లేవని ఆయన వాదించలేదు, ఒకదాని తర్వాత ఒకటి వినిపించారు. తీర్పు శ్రోతలకే వదిలేశారు.

తన గొంతు తాను విన్న మడ్డీ వాటర్స్

1941 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఫిస్క్ విశ్వవిద్యాలయంతో కలిసి ఒక పరిశోధన సాగింది. స్టోవాల్ తోటల్లో ట్రాక్టర్ నడిపే మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ అనే యువకుణ్ణి ఆయన గుడిసెలోనే రికార్డు చేశారు. అందరూ మడ్డీ వాటర్స్ అని పిలిచే మనిషి ఆయనే. తర్వాత అలన్ ఆయనకు రికార్డు ప్రతులు, ఇరవై డాలర్ల చెక్కు పంపారు. తన గొంతు రికార్డులో విన్నాక తానూ గాయకుణ్ణి కాగలనని వాటర్స్‌కు నమ్మకం కుదిరింది. 1943లో చికాగో వెళ్లిపోయారు. అక్కడ ఎలక్ట్రిక్ గిటారుతో ఆయన పాడిన బ్లూస్ నుంచే రాక్ సంగీతం చాలా తీసుకుంది. ఇంగ్లండు కుర్రాళ్ల రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరును కూడా ఆయన పాట నుంచే పెట్టుకుంది.

ఇక్కడే ఒక బాకీ కూడా ఉంది. ఆ పరిశోధనలో ఫిస్క్‌కు చెందిన నల్లజాతి పండితులు జాన్ వర్క్, లూయిస్ జోన్స్, శామ్యూల్ ఆడమ్స్ పాలు ఎంతో ఉంది. వారి రాతప్రతులు దశాబ్దాల పాటు కనిపించకుండా పోయాయి. 1993లో ఆ ప్రాంతం గురించి అలన్ రాసిన పుస్తకానికి పెద్ద పురస్కారం వచ్చింది కానీ, అందులో వర్క్‌కు దక్కాల్సినంత చోటు దక్కలేదు. 2005లో ఆ రాతప్రతులు పుస్తకంగా వచ్చాకే వారి కృషి లోకానికి తెలిసింది.

భయం పాడనివ్వని కాలం

1947 మార్చిలో అలన్ న్యూయార్క్ స్టూడియోలో ముగ్గురు బ్లూస్ గాయకులను కూర్చోబెట్టి మాట్లాడించారు. బిగ్ బిల్ బ్రూంజీ, మెంఫిస్ స్లిమ్, సానీ బాయ్ విలియమ్సన్. బ్లూస్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, దక్షిణాదిలో నల్లవారి మీద జరిగిన దౌర్జన్యాలన్నీ వాళ్లు వెళ్లగక్కారు. తీరా రికార్డు విన్నాక హడలిపోయారు. తమ పేర్లు బయటపడితే ఊళ్లో ఉన్న బంధువుల ప్రాణాలకు ముప్పని వేడుకున్నారు. అలన్ మాట నిలుపుకున్నారు. పదేళ్ల తర్వాత రికార్డు మారుపేర్లతో వచ్చింది. అసలు పేర్లు బయటికి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

భయం అలన్ ఇంటి గుమ్మం కూడా తొక్కింది. 1950 జూన్‌లో, రేడియో, టీవీ రంగాల్లో కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ 151 మంది పేర్లతో రెడ్ చానల్స్ అనే చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఆయన పేరుంది. ఆ పుస్తకానికి ఎక్కినవారికి పనివ్వడానికి సంస్థలు జంకేవి. కొద్ది నెలల్లోనే అలన్ ఇంగ్లండుకు వెళ్లిపోయి, 1958 దాకా అక్కడే ఉన్నారు. బీబీసీ రేడియోలో కార్యక్రమాలు చేశారు. ఇంగ్లండు పల్లె పాటలకూ అమెరికా బ్లూస్‌కూ ఉన్న చుట్టరికాన్ని శ్రోతలకు వినిపించారు. ఐర్లాండు, స్కాట్లాండు, స్పెయిన్, ఇటలీ దేశాల్లో ఊరూరా తిరిగి రికార్డు చేశారు. ఆయన సంపాదకత్వంలో కొలంబియా కంపెనీ తెచ్చిన ప్రపంచ జానపద సంగీత సంపుటాల్లో మన దేశానికీ ఒకటి కేటాయించారు. దాన్ని కాశీలో ఏళ్ల తరబడి ఉండి సంగీతం నేర్చుకున్న అలైన్ డానియెలూ కూర్చారు.

పాట ఎవరిది, డబ్బు ఎవరిది

లెడ్ బెల్లీ 1949 డిసెంబరులో చేతిలో చిల్లిగవ్వ లేకుండానే పోయారు. ఏడాది తిరక్కుండా ఆయన గుడ్‌నైట్ ఐరీన్ పాటను వీవర్స్ బృందం పాడితే దేశమంతా మారుమోగింది. హక్కుల్లో లెడ్ బెల్లీ పేరు పక్కన జాన్ లోమాక్స్ పేరు కూడా ఉంది. పాట కట్టనివారికి అందులో వాటా ఏమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. సేకరించడానికి పడ్డ శ్రమకు విలువ ఉంది. కానీ పాడిన గొంతు పక్కన సేకరించిన చెయ్యి సమానంగా నిలబడటం న్యాయంగా అనిపించదు.

మరో పాట కథ వేరేలా ముగిసింది. 1959లో అలన్ మళ్లీ దక్షిణాదికి వెళ్లి, మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలులో కట్టెలు కొడుతూ ఖైదీలు పాడిన పాటను రికార్డు చేశారు. ముందుండి పాడినవాడు జేమ్స్ కార్టర్. నలభై ఏళ్ల తర్వాత, 2000లో వచ్చిన ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ సినిమాలో ఆ పాట పెట్టారు. రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. అలన్ కూతురు, ఆయన స్థాపించిన సంస్థవారు పాత కాగితాలు తిరగేసి, చికాగోలో ఉన్న కార్టర్‌ను వెతికి పట్టుకుని, 20,000 డాలర్ల చెక్కు చేతికిచ్చారు. తాను ఆ పాట పాడిన సంగతి కూడా ఆయన మరిచిపోయారు. రికార్డుతో పాటు పాడినవాడి పేరు రాసి ఉంచడం వల్లే అది సాధ్యమైంది.

ప్రతి పాటకూ వాటా

1972లో అలన్ ఒక విన్నపం ప్రచురించారు. నాలుగు నగరాల స్టూడియోల్లో తయారైన సంగీతం లోకమంతా కమ్ముకుంటే, చిన్న సమాజాలు తమ పాట మీద తామే నమ్మకం కోల్పోతాయని ఆయన బెంగ. అందుకే ప్రతి సంస్కృతికీ రేడియోలో, టీవీలో, బడిలో తగిన వాటా ఉండాలన్నారు. 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో పంపిన బంగారు రికార్డుకు పాటలు ఎంచడంలోనూ సాయపడ్డారు. అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ గొంతు కూడా ఉంది. అయితే ఆయనకూ ఇష్టాయిష్టాలు ఉండేవి. చక్ బెర్రీ రాక్ పాటను ఆ రికార్డులో పెట్టడం ఆయనకు నచ్చలేదు. పాటను కాపాడాలనుకునేవారు ఒక్కోసారి కొత్త పాటను అనుమానంగా చూస్తారు. ఆయనా అందుకు మినహాయింపు కాదు.

అలన్ లోమాక్స్ 2002 జూలై 19న ఫ్లోరిడాలో, 87వ ఏట కన్నుమూశారు. 2012లో ఆయన రికార్డింగుల్లో సుమారు 17,000 ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వినేలా పెట్టారు.

హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో మన ఇళ్లలో పెద్దవాళ్లు పాడే ఊయల పాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాళ్లను ఆటపట్టించే పాటలు ఏ సినిమాలోనూ దొరకవు. ఇప్పుడు 143 కిలోల యంత్రం మోయక్కర్లేదు, జేబులో ఫోను చాలు. రికార్డు చేసేముందు వారి అనుమతి అడుగుదాం. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ తేదీన పాడారో రాసి పెడదాం. రికార్డు చేయగానే ముందు వారికే వినిపిద్దాం.