యుద్ధకాలములో విశ్వవిద్యాలయమును కాపాడిన కట్టమంచి రామలింగారెడ్డిగారు

1942 ఏప్రిల్ 5వ తేదీ ఈస్టరు ఆదివారము. ఆ ఉదయమే జపాను విమానములు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు విశాఖపట్టణము మీద, కాకినాడ మీద పడ్డాయి. ప్రాణనష్టము కొద్దిదే గాని భయము మాత్రము కొండంత. రైళ్ళ మీద, ఎడ్లబండ్ల మీద జనము లోపలి ఊళ్ళకు తరలిపోయారు. మన చీపురుపల్లి స్టేషనులో ఆ దినములలో మూటాముల్లెలతో దిగినవారిని గూర్చి పెద్దలు చెప్పుకొనగా మేము చిన్నతనములో విన్నాము. రంగూనులో కూలి చేసుకొనుచున్న మన జిల్లాలవారు కాలినడకన ఇల్లు చేరుకున్నదీ ఆ సంవత్సరమే.

అప్పుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా ఉన్నవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఈ స్మారక సంచికలో క్రైస్తవుడు కాని పెద్దమనిషి జీవితమెందుకని కొందరు అడుగవచ్చును. మన పిల్లలలో ఎందరో ఆ విశ్వవిద్యాలయపు పట్టాలు పుచ్చుకున్నవారే గనుక, ఆ ఋణము తలచుకొనుట న్యాయమని మాకు తోచింది.

ఆయన 1880లో చిత్తూరు దగ్గర కట్టమంచిలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పిమ్మట ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. అక్కడి విద్యార్థుల యూనియనుకు ఉపాధ్యక్షుడయ్యారు. తిరిగివచ్చి బరోడాలోను, మైసూరులోను ఆచార్యత్వము చేసి, మైసూరు విద్యాశాఖకు పెద్దగా పనిచేశారు. తెలుగువారు ఆయనను ముసలమ్మ మరణము, కవిత్వతత్త్వ విచారము వ్రాసిన కవిగాను విమర్శకుడుగాను ఎరుగుదురు. వివాహము చేసుకొనలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో మొదలైనప్పుడు మొదటి వైస్ ఛాన్సలరు ఆయనే. 1930లో ఉప్పు సత్యాగ్రహులను ప్రభుత్వము అణచివేసిన తీరుకు నిరసనగా రాజీనామా చేశారు. విశ్వవిద్యాలయము వాల్తేరు కొండమీదికి చేరినది కూడా ఆ సంవత్సరమే. తన చేతి మొక్కను మరొకరి చేతిలో పెట్టి వెళ్ళిపోవుట తేలిక కాదు. ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవిలో ఉన్నారు. 1936లో రెడ్డిగారు మళ్ళీ వచ్చి, 1949 వరకు ఉన్నారు.

ఆ నడుమనే యుద్ధము వచ్చింది. వాల్తేరు కట్టడములను సైన్యము తీసుకొన్నది. విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలింది. ఈ ఒక్క మాటలో ఎంత కష్టమున్నదో ఆలోచించండి. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చుటకు పూనుకొనగా, ఆయన పేరుతో వాల్తేరులో విజ్ఞాన, సాంకేతిక కళాశాల అంతకుముందే వెలసింది. పుస్తకములను పెట్టెలకెత్తి రైలెక్కించవచ్చును. ప్రయోగశాలను ఎత్తుకొనిపోవుట వేరు. రసాయనశాస్త్రములో పేరుపొందిన ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు శిష్యులతో గుంటూరులోనే పరిశోధన సాగించవలసివచ్చింది.

ఇట్టిది ఆ కాలములో మనకొక్కరికే జరుగలేదు. చైనాలో పెకింగు, చింగ్‌హువా, నాన్‌కాయి విశ్వవిద్యాలయములు మూడును జపాను సైన్యమునకు ముందుగా వందల మైళ్ళు నడిచి, కున్మింగులో 1938 నుండి 1946 వరకు ఒకే విద్యాలయముగా పాఠములు చెప్పుకున్నాయి. పౌలు ఎఫెసులో సమాజమందిరము విడిచి తురన్ను పాఠశాలలో రెండేండ్లు బోధించిన సంగతి మనకు తెలిసినదే. గోడలు మారినవి, బోధ ఆగలేదు.

అయితే నష్టము లేదని చెప్పలేము. గుంటూరు విశాఖకు సుమారు 380 కిలోమీటర్లు. అంతవరకు వాల్తేరు మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతపు పిల్లలకు ఒక పూట ప్రయాణము. ఉదయము బండెక్కితే చేరగలిగినవాడు ఇప్పుడు దూరదేశములో గది, భోజనము చూసుకొనవలసివచ్చింది. కలిగినవారు వెళ్ళియుందురు. తండ్రి ఒక ఎకరము దున్నుకొను ఇంటివాడు, బాంబుల భయముతో కొడుకును గడప దాటనీయని తల్లిగలవాడు, వీరి సంగతి ఏ పట్టికలోను ఎక్కదు. యుద్ధము చదువును చెరచుట ఎక్కువగా ఇట్లే.

1930లో ప్రభుత్వమును ఎదిరించి పదవి వదలినవాడు, 1942లో అదే ప్రభుత్వపు సైన్యమునకు భవనములు విడిచి, తాను మాత్రము పదవిలో నిలిచినాడేమని అడుగువారుండవచ్చును. మేమును ఈ ప్రశ్న వేసికొన్నాము. మొదటిసారి ఆయన పోయినా తరగతులు నడుస్తాయి. రెండవసారి ఆయనే పోయినట్లయితే, చెదిరిపోయిన ఆచార్యులను విద్యార్థులను ఒకచోట చేర్చు బాధ్యత ఎవరిపై పడునో చెప్పలేము. రాజీనామాకంటె ఈ రెండవ పనియే కష్టతరమని మా అభిప్రాయము. దీనికి చప్పట్లు ఉండవు. అద్దె గదులు, చాలని బల్లలు, రోజుకొక ఫిర్యాదు ఉంటాయి.

యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట విశ్వవిద్యాలయము తన కొండకు తిరిగివచ్చింది. ఏలూరులో ఆయన పేరుతో కళాశాల వెలసినదీ 1945లోనే. రెడ్డిగారు మరికొన్ని సంవత్సరములు పనిచేసి 1949లో దిగిపోయారు. 1951 ఫిబ్రవరి 24న కాలధర్మము చెందారు. వాల్తేరులో పట్టాలిచ్చు సభామందిరమునకు ఆయన పేరే పెట్టారు. మన సంఘపు పిల్లలు నల్లగౌను వేసుకొని నిలబడేది అందులోనే.