గిరిజన బంధువు హైమండార్ఫు

కొండకోనలలో నివసించు జనులకు మేలు చేయగోరువారు ముందుగా వారి భాష నేర్వవలెను, వారి మాట వినవలెను. ఈ ధర్మమును తెలుగుదేశమున ఆచరించి చూపిన మహనీయుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫు.

ఆయన 1909వ సంవత్సరము జూన్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో జన్మించెను. మానవశాస్త్రమున పండితుడై 1936-37 సంవత్సరములలో నాగా కొండలయందు పరిశోధనలు చేసెను. 1939లో మరల భారతదేశమునకు వచ్చిన తరుణమున రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. అప్పటికి ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయినందున ఆయన యొద్ద నున్నది జర్మన్ పాస్‌పోర్టు. అందుచే శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని నిర్బంధింపబడెను. ఆ నిర్బంధమే గిరిజనుల పాలిట వరమయ్యెను. భార్య ఎలిజబెత్తుతో కూడి ఆయన అడవిబాట పట్టెను. కడపసీమ వరకు వ్యాపించిన నల్లమలలో కృష్ణకు ఉత్తరమున వసించు చెంచులతోను, గోదావరీ తీరపు కొండరెడ్లతోను కలిసి మెలసి, వారినిగూర్చి గ్రంథములు రచించెను.

ఆదిలాబాదు గోండు లానాడు పెద్ద ఆపదలో నుండిరి. తరతరములుగా దున్నుకొనిన భూములు రిజర్వు అడవులలో చేరిపోయెను. మిగిలినవానికి వెలుపలివారు పట్టాలు పొందిరి. ఈ యన్యాయము నెదిరించిన కొమరం భీము 1940లో జోడేఘాటు కొండలలో పోలీసు తుపాకులకు బలియయ్యెను. పిమ్మట గోండుల స్థితిగతులను విచారించుటకై నిజాము ప్రభుత్వము హైమండార్ఫును నియోగించెను. ఆయన మార్లవాయి గ్రామమున కాపురముండి, గోండీ భాష నేర్చి, భూమి పోవుటయే ఆ అశాంతికి మూలమని గ్రహించెను.

1943లో మార్లవాయియందు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. పరాయి పంతుళ్లను తెచ్చుటకు మారుగా గోండు యువకులకే శిక్షణ నొసగి, వారి గ్రామములలోనే బడులు పెట్టించిరి. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు అచ్చయ్యెను. గిరిజనులకు లక్షకు పైగా ఎకరముల భూమికి పట్టాలు లభించెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులే వచ్చి మొరలు వినునట్లు ఆయన దర్బారు నేర్పరచెను. కచ్చేరికి పోజాలనివాని ముంగిటికి కచ్చేరియే నడచి వచ్చెను.

తరువాత లండను విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన హైమండార్ఫు, 1970 దశకమున తిరిగి వచ్చి చూడగా, ఆ భూములలో అనేకము వలస వచ్చినవారి పాలయి యుండెను. భూముల బదలాయింపును నిషేధించు చట్టమున్నను అమలు కొరవడెను. ఈ దుఃస్థితిని 1982లో గ్రంథముగా ప్రకటించి లోకమునకు చాటెను.

ఎలిజబెత్తు 1987లో హైదరాబాదున మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆయన 1995 జూన్ 11న లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన అస్థికలను తెచ్చి భార్య సమాధి చెంతనే ఉంచిరి.

పట్టా ఇచ్చుట ఒకనాటి పని. దానిని నిలుపుకొను శక్తి చదువువలనను, ఐకమత్యమువలనను కలుగవలెను. గ్రామమున పదిమంది కూడి చదువుకొను చోటు ఏల కావలెనో ఈ మహనీయుని జీవితము తెలుపుచున్నది.